రిపోర్టులన్నీ నార్మల్

ఏప్రిల్ 3, గురువారం

గొంతు డాక్టరు కూడా ఏమీ లేదన్నాడు. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, నా గొంతు నాకే టీవీలో చూపించి, "చూడండమ్మా, ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు. ఊపిరితిత్తుల డాక్టరు పోయిన వారమే ఆ మాట అన్నాడు. ఎక్స్‌రే నార్మల్. రక్తం నార్మల్. ఊదమన్నదాంట్లో ఊదాను, అదీ నార్మల్.

మరి ఎండు మిరపకాయల వాసన తగిలితే నా గొంతెందుకు మూసుకుపోతోంది? దానికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఎలర్జీ అయ్యుంటుంది. అంతకన్నా ఏముంటుంది?

"గుంటూర్లో పుట్టి, మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం చేస్తూ మిరపకాయ పడదంటే ఎవరైనా నవ్వుతారే" అన్నాడు వేణు. అని తనే నవ్వాడు. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే, "పోన్లే, ఏమీ లేదన్నారుగా. సంతోషించు" అన్నాడు.

సంతోషించాలట.

ఏప్రిల్ 4, శుక్రవారం

పోపు లేని పప్పు ఎవరూ సరిగ్గా తినలేదు. "జొరమొచ్చినోళ్ళ తిండి" అంది అత్తయ్య. నేనూ తినలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

వినుకొండ నుంచి వేణు మేనత్త వచ్చింది, నన్ను పలకరించడానికి. పైనుంచి కిందికి చూసి, "ఏందే, ఒంటి మీద గీత కూడా పడలా!" అంది. ఆ గొంతులో కాస్త నిరాశ కూడా ఉన్నట్టనిపించింది నాకు.

అత్తయ్య కథ మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరొచ్చినా ఆవిడే చెబుతుంది, ఆ రోజు అక్కడున్నది తనే అయినట్టు. మార్చిలో మా కోల్డ్ స్టోరేజీకి నిప్పంటుకోవడం, కరెంటు పోవడం, సరుకు చూడ్డానికి రెండో అంతస్తుకి వెళ్ళిన నేనూ, హమాలీల ముఠా మేస్త్రి జాన్ బాషా పొగలో చిక్కుకుపోవడం, బాషా గోడ తడుముకుంటూ నన్ను సరుకు దించే కిటికీ దాకా తీసుకురావడం, ఫైరువాళ్ళు నిచ్చెన వేసి దించడం. "మిరపకాయ బస్తాలు రోజుల తరబడి తగలబడ్డాయి వొదినా. పెదకాకాని దాకా జనం దగ్గారు. అంత జరిగినా ఒక్క ప్రాణం పోలా. శివయ్య చల్లగా చూశాడు."

ఒక్క ప్రాణం పోలేదు. చిక్కంతా అక్కడే ఉంది. నాకు ఏడ్చే హక్కు కూడా లేకుండా పోయింది.

"ఆ బాషాని చూడు, మర్నాడే పనిలోకి పోయాడంట!" అంది మేనత్త.

బాషాని చూడు. ఈ మాట వేణు అన్నాడు, మేనేజరు అన్నాడు, పక్కింటావిడ కూడా అంది. బాషాకి ఏమీ కాకపోవడం నా నేరమైనట్టుంది.

ఏప్రిల్ 14, సోమవారం

స్నానానికి వెళ్ళినప్పుడు తలుపు దగ్గరికి వేసి, బయట పల్లవిని కూర్చోబెడుతున్నాను. గడియ పాతది, ఇరుక్కుంటుందేమోనని అంతే. ఇవాళ అది "అమ్మా, నాకు ఆడుకోవాలనుంది, నువ్వు పెద్దదానివేగా" అంది. నెత్తిన సబ్బు నురగతోనే బయటికొచ్చి అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. పిల్ల వెళ్ళి నానమ్మ వెనక దాక్కుంది.

గడియ మార్పించాలి.

ఏప్రిల్ 22, మంగళవారం

ఊపిరితిత్తుల డాక్టరు ఈసారి మందులు రాయలేదు. "ఒకసారి కౌన్సెలర్‌ని కలవండమ్మా" అన్నాడు.

"అంటే నాకు పిచ్చా?"

"నేను అట్లా అన్లేదు."

"మరి ఎట్లా అన్నారు? పోపు పెడితే ఊపిరాడట్లేదని నేను చెబుతుంటే, మనసు డాక్టరు దగ్గరికి పొమ్మంటారా?"

వేణు నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఇంటికొచ్చాక బండి స్టాండు కూడా సరిగ్గా వేయకుండా, "ఒక్కసారి వెళ్దాం మాధవీ. ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు.

ఎవరికీ చెప్పొద్దట. చెప్పుకోకూడనిదేదో నేను చేసినట్టు.

మే 2, శుక్రవారం

వెళ్ళాం. బ్రాడీపేటలో, ఏసీ గది. గోడ నిండా సర్టిఫికెట్లు. లోపలికి వెళ్ళగానే ఆ కౌన్సెలర్ లేచి తలుపు వేసి గడియ పెట్టాడు. అక్కడి నుంచి ఆయన చెప్పిందేదీ నాకు ఎక్కలేదు. కళ్ళు గడియ మీదే ఉన్నాయి.

మధ్యలో ఫోనొస్తే మాట్లాడుకున్నాడు. తర్వాత నన్ను వదిలేసి వేణుకి చెప్పడం మొదలెట్టాడు. "ఆడవాళ్ళు సున్నితంగా ఉంటారండీ. పొద్దున్నే ప్రాణాయామం చేయించండి. నెగెటివ్ ఆలోచనలు రానివ్వొద్దు. ఒక్క పాపే అన్నారుగా? ఇంకో బిడ్డ పుడితే ధ్యాస మళ్ళుద్ది."

ప్రాణాయామం! ఊపిరి ఆడనిదానికి ఊపిరి బిగబట్టమంటాడు.

లేచాను. గడియ రాలేదు. రెండు చేతులతో లాగాను. అది పక్కకి జరిపే గడియట. ఆయన వచ్చి ఒక్క వేలితో తీశాడు. "చూశారా, ఎంత కంగారో" అన్నాడు వేణుతో.

మే 3, శనివారం

ఇక ఎవరి దగ్గరికీ వెళ్ళను.

మే 12, సోమవారం

నిన్న మేనేజరు వేణుగోపాల్‌కి ఫోన్ చేశాడు. నాకు కాదు, మా ఆయనకి. ఓనరుగారి రెండో స్టోరేజీలో సీటు ఖాళీగా ఉంచారట, జూన్ తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటారట. రేపే వస్తానని చెప్పమన్నాను.

ఇవాళ తయారై వెళ్ళాను కూడా. ఆటో గేటు ముందు ఆగింది. లోపల లారీలోంచి టిక్కీలు దించుతున్నారు. మిర్చి బస్తాని మేం టిక్కీ అంటాం. గోనెసంచీల్లోంచి ఆ వాసన రోడ్డు మీదికొచ్చింది. ఆటో దిగకుండానే ఇంటికి పోనిమ్మన్నాను.

అప్పుడే బాషా నన్ను చూసి ఆటో దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"మేడం, రండి, అందరూ అడుగుతున్నారు."

"నీకేం లేదటగా బాషా?"

"నాకేమైద్ది మేడం?" అని నవ్వాడు. వెనక్కి లారీ వైపు చూసి, "లోపలికి మాత్రం పోవట్లా. బయట ప్లాట్‌ఫారం మీదే చూసుకుంటన్నా. లోపలి పని మా బావకి అప్పజెప్పా" అన్నాడు.

ఈ సంగతి ఎవరూ చెప్పరే! అందరూ బాషాని చూడమనేవాళ్ళే, చూసినవాడు ఒక్కడూ లేడు.

మే 20, మంగళవారం

ఏం రాయాలి?

సాయంత్రం నేను హాల్లో కూర్చుని పల్లవికి జడ వేస్తున్నాను. అత్తయ్య పెరట్లోంచి నిప్పుల మూకుడు పట్టుకొచ్చింది. ఇంకో చేతి గుప్పిట్లో ఏవో ఉన్నాయి. "కదలకుండా కూర్చో అమ్మాయ్. ఆ వినుకొండ ఆవిడ వచ్చిపోయిన కాడ్నించీ నువ్వు మరీ అయిపోయినావు. ఆవిడ కళ్ళు మంచివి కావు" అంటూ నా చుట్టూ గుప్పిలి తిప్పింది. నేను వద్దనేలోపే ఉప్పూ, ఎండు మిరపకాయలూ నిప్పుల్లో పడ్డాయి.

తర్వాత నాకు తెలిసింది ఇంతే. నేను వీధిలో ఉన్నాను. చెప్పుల్లేవు. పక్కింటావిడ నా భుజాలు పట్టుకుని "మాధవీలతా, మాధవీలతా" అంటోంది. లోపల పల్లవి ఏడుస్తోంది.

మూకుడు నేను తన్నానట. నిప్పులు అత్తయ్య పాదం మీద పడ్డాయి. పల్లవికి ఏమీ కాలేదు. జానెడు దూరంలో ఉంది.

జానెడు దూరంలో.

మే 21, బుధవారం

వేణు నాతో మాట్లాడట్లేదు. "మా అమ్మ నీ మంచి కోసం చేస్తే..." అని మొదలుపెట్టి పూర్తి చేయకుండా పల్నాడు పత్తి ఊళ్ళకి వెళ్ళిపోయాడు. విత్తనాల కంపెనీ ఉద్యోగం, ఎటైనా వెళ్ళడానికి ఎప్పుడూ ఒక ఊరుంటుంది ఆయనకి.

అత్తయ్య పాదానికి మందు రాస్తుంటే, తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బావుండేది.

"మంట పుడుతోందా అత్తయ్యా?"

"పుట్టదా మరి?" అంది. మళ్ళీ తనే, "నిన్న నీ కళ్ళు చూశా. నన్ను చూట్లేదు నువ్వు. ఇంకెక్కడో ఉన్నావు" అంది. "దిష్టి కాదులే ఇది. డాక్టర్నే చూడు. ఆ గడియ పెట్టినోడు కాదు. ఇంకెవర్నైనా."

మే 26, సోమవారం

మంగళగిరి. గుంటూర్లో అయితే తెలిసినవాళ్ళ కంట్లో పడతానని నేనే అంత దూరం వెతుక్కున్నాను. కింద చేనేత చీరల షాపు, పైన ఒక గది. కౌన్సెలర్ జయకుమారి గారు. మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ, నలగని నేత చీర. కూర్చోకముందే అడిగింది:

"తలుపు వేయమంటారా, తీసి ఉంచమంటారా?"

ఏడుపొచ్చేసింది. తలుపు గురించి అడిగితే ఏడుస్తారా ఎవరైనా? నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆవిడ తలుపు తీసే ఉంచి, తన కుర్చీ అడ్డం లేకుండా పక్కకి జరుపుకుంది.

"ఏం జరిగింది?"

"ఏం జరగలేదండీ. రిపోర్టులన్నీ నార్మల్. ఎవరికీ ఏం కాలేదు."

"మీ అత్తగారి కాలు?"

ఫోన్లో అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడు చెప్పానట. నాకు గుర్తులేదు.

తర్వాత ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకూ రాస్తాను. "ఆ పొగలో మీ ఒళ్ళు ఒక విషయం నేర్చుకుందండీ. ఈ వాసన వస్తే ప్రాణం పోద్ది, పారిపో అని. ఆ రోజుకి అది నిజమే. కానీ వంటింట్లో నాలుగు మిరపకాయలకీ, ఆ రోజుకీ తేడా దానికింకా తెలియట్లా."

"నాకు తెలుసు కదండీ!"

"మీకు తెలుసు. మీ ఒంటికి తెలియాలి. దీన్నే ట్రామా అంటారు. పిచ్చి కాదు, పిరికితనం కాదు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"చెప్పలేను."

"మందేమైనా?"

"నేను మందులివ్వను. అవసరమనిపిస్తే డాక్టరు దగ్గరికి నేనే పంపిస్తా."

మందు లేదు, ఎన్నాళ్ళో తెలియదు. వచ్చే సోమవారం రమ్మంది.

జూన్ 2, సోమవారం

కాళ్ళు నేల మీద ఆనించి, గదిలో కనిపించేవి పైకి చెప్పమంది. ఫ్యాను. కుర్చీ. క్యాలెండరు. కిటికీలోంచి కొండ. కొండ మీద గుడి మెట్లు. ఒకటో తరగతి పిల్లతో చెప్పించినట్టు. ఇందుకేనా నేను బస్సెక్కి ఇంత దూరం వచ్చింది?

"నాకు చిరాగ్గా ఉంది" అన్నాను మొహం మీదే.

"ఉంటది. నాకైనా ఉంటది" అంది.

ఆవిడతో పోట్లాడదామంటే దొరకదు.

జూన్ 5, గురువారం

పక్కింటి డాబా మీద కారానికి మిరపకాయలు ఎండబోశారు. మధ్యాహ్నం గాలికి వాసనొచ్చింది. గోడ పట్టుకున్నాను. ఫ్యాను. ఫ్రిజ్జు. పల్లవి బ్యాగు. పాలగిన్నె. వీధిలోకి పరుగెత్తలేదు.

తగ్గిందని కాదు. పరుగెత్తలేదు, అంతే.

జూన్ 6, శుక్రవారం

సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన. వేణు ఇంకా రాలేదు. కిటికీలు వేద్దామని వెళ్తే, అత్తయ్య హాలు మధ్యలో స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని నిలబడి ఉంది. కాలి కట్టు ఊడిపోయింది. "అత్తయ్యా" అన్నాను. పలకలేదు. నన్ను చూడట్లేదు. ఇంకెక్కడో ఉంది.

ఈవిడకి గాలంటే భయమని అందరికీ తెలుసు. వేణు చిన్నప్పట్నించీ చెప్పి నవ్వుతుంటాడు. నేనూ నవ్వాను.

ఏం చేయాలో తోచక, "అత్తయ్యా, కాళ్ళ కింద నేల చూడండి. ఎరుపు గచ్చు. ఇదిగో ఫ్యాను. ఇదిగో నేను, మాధవిని" అన్నాను. పిచ్చిదానిలా ఇంట్లో సామానంతా వల్లించాను. గాలి తగ్గాక కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. అప్పుడు చెప్పింది.

డెబ్భై ఏడు ఉప్పెన. వాళ్ళది నిజాంపట్నం అవతల సముద్రం పక్క ఊరు. ఈవిడకి పదేళ్ళు. నీళ్ళు ఇంట్లోకి రాలేదట, ఇంటి మీదికే వచ్చాయట. నాన్న ఈవిణ్ణి ఎత్తి తాటిచెట్టు మట్టల్లోకి తోశాడు. చెల్లెలు ఈవిడ జడ పట్టుకుని వేలాడింది.

"రాత్రంతా జడ లాగుతానే ఉంది మాధవీ. నొప్పి. వదలమని కూడా అరిచా. తెల్లారేతలికి నొప్పి లేదు."

నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఒకసారి ఆవిడకి తలదువ్వబోతే చెయ్యి విసిరికొట్టింది. నెలరోజులు మాట్లాడలేదు నేను.

"ఇవన్నీ ఆయనకి చెప్పలేదా?"

"వేణు వాళ్ళ నాన్నకా? పోయినోళ్ళు పోయారు, బతికినోళ్ళం అదృష్టవంతులం అనేవోడు. నిజమేగా. గవర్నమెంటోళ్ళు బట్టలిచ్చారు, బియ్యమిచ్చారు. ఇంకేం చెప్పుకుంటాం?"

శివయ్య చల్లగా చూశాడని ఈవిడ అందరికీ ఎందుకు చెబుతుందో ఇప్పుడు తెలిసింది. తనకి చెప్పిన మాటే నాకూ చెప్పింది. ఇంకో మాట ఎవరూ నేర్పలేదు.

కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియట్లేదు.

జూన్ 16, సోమవారం

ఇవాళ జయకుమారి గారికి అంతా చెప్పాను. అందరికీ తెలిసిన కథ కాదు.

పొగ నల్లగా ఉందనుకుంటారు. అసలు రంగే లేదు, కళ్ళు తెరిస్తే కదా. కంట్లో, నోట్లో, ముక్కులో కారం కూరినట్టుంది. అరిచాను. గొంతు రాలేదు. నా గొంతు నాకే వినపడలేదు. బాషా "మేడం, నా చొక్కా పట్టుకోండి, వదలొద్దు" అన్నాడు. పట్టుకున్నాను. ఒకచోట అతను ఆగిపోయాడు. దారి మర్చిపోయానన్నాడు. అప్పుడు నేను చచ్చిపోయాననే అనుకున్నాను. భయం కూడా పోయింది. చాలా ప్రశాంతంగా అనిపించింది. నాకు అన్నిటికన్నా భయం ఆ ప్రశాంతత తలుచుకుంటే.

ఇక్కడ ఆగాను. ఆవిడ నీళ్ళ సీసా నా వైపు జరిపింది.

"దించాక?" అంది.

దించాక నేల మీద పడి కక్కుతున్నాను. చుట్టూ జనం, ఫోన్లలో వీడియోలు. మేనేజరు వంగి, "మాధవీలత గారూ, ఆ చాంబర్లో టిక్కీలు ఎన్నున్నయ్యి?" అని అడిగాడు.

"మీరేమన్నారు?"

"చెప్పానండీ! సరిగ్గా చెప్పాను! కక్కుకుంటూ, ఏ రైతువి ఎన్నో కూడా చెప్పాను. ఎట్లా ఉన్నావని ఆయన అడగలేదు. నేను కూడా అడుక్కోలేదు."

గట్టిగా అరిచాను కాబోలు, కింద షాపులో మాటలు ఆగిపోయాయి. తలుపు తీసే ఉంది కదా. వింటే విననీ.

ఇంటికొచ్చి మేనేజరుకి నేనే ఫోన్ చేశాను. లోపలి ఆఫీసులో కూర్చోలేనని, గేటు పక్క కాటా గదిలో, తలుపు తీసి ఉంచే సీటయితే జులైలో వస్తానని చెప్పాను. "ఏంటండీ ఈ కండిషన్లు?" అని విసుక్కున్నాడు. నేనూ విసుక్కున్నాను, ఆ రోజు నేల మీద పడి కక్కుతున్నదాన్ని టిక్కీల లెక్క అడిగిన సంగతి గుర్తుచేశాను. ఓనరుగారిని అడిగి చెబుతానన్నాడు.

వేణు అంతా విన్నాడు. ఫోన్ పెట్టేశాక, "టిక్కీల సంగతి నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నాడు.

"సంతోషించమన్నావుగా."

నవ్వలేదీసారి. వెళ్ళి బాత్రూం గడియ ఊడదీసి, ఆ మేకుకి ఒక గుడ్డ ముక్క కట్టాడు. లోపల ఎవరైనా ఉంటే గుడ్డ బయటికి వేలాడాలట. ముందు నన్ను అడగొచ్చుగా? అడగడు. అయినా బాగానే ఉంది.

జూన్ 23, సోమవారం

అత్తయ్య నాతో మంగళగిరి వస్తానంది. "నీకేం మందు పెడతందో చూద్దామని" అంది. వద్దన్నాను. చీర మార్చుకుని గుమ్మంలో కూర్చుంది. తీసుకెళ్ళక తప్పలేదు.

జయకుమారి గారు "కాలెట్లా ఉందండీ?" అని అడిగింది, మర్యాదకి. అత్తయ్య చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి కాలు చూపించింది. కాలి నుంచి నిప్పులకి, నిప్పుల నుంచి నా కళ్ళకి, నా కళ్ళ నుంచి ఆ గాలివానకి వెళ్ళింది. అక్కడ ఆగి నా వైపు చూసింది. జయకుమారి గారూ చూసింది.

నాకు అర్థమైంది. లేచి బయటికొచ్చాను.

మెట్ల మీద కూర్చున్నాను. కింద ఎవరో చీరల అంచులు బేరమాడుతున్నారు. ఎండ. ఈ వారం చెప్పాలని నేను చాలా దాచుకున్నాను: పోపు పొయ్యి మీద పెట్టి వెంటనే దించేసిన సంగతి, పల్లవి ఇంకా నా పక్కన పడుకోనంటున్న సంగతి. నా టైమంతా అత్తయ్య తినేసింది. పైనుంచి మాటలు తెలియట్లేదు, ఆవిడ గొంతు మాత్రం సన్నగా, ఆగి ఆగి వినపడుతోంది. ఆ గొంతు మా అత్తయ్యదంటే ఎవరూ నమ్మరు. నేను కోపంగా ఉన్నాను. లేచి లోపలికి మాత్రం వెళ్ళలేదు.

బయటికొచ్చాక కళ్ళు తుడుచుకోలేదు ఆవిడ. "పద" అంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. కాజా టోల్‌గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు, "పేరడిగింది మాధవీ" అంది.

"ఎవరి పేరు?"

"మా చెల్లెలి పేరు. ఇన్నేళ్ళయింది, ఒక్కళ్ళు అడగలా."

ఆ రోజు అంతా విని నేనూ అడగలేదు.

"ఏం పేరత్తయ్యా?"

వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆవిడ వాటిని మించి, ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా చెప్పింది.

"నాంచారమ్మ. ఇంట్లో నాంచారీ అని పిలిచేవాళ్ళం."